నలభై ఒక్కమంది, ఒక్క బతుకమ్మ

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "ఈసారి మీరు నాలుగు మాటలు చెప్పాలి" అన్నప్పుడు కరువు భత్యం బకాయిల గురించే అడుగుతున్నారనుకున్నాను. పాత జీవోలన్నీ తీసి పెట్టుకున్నాను కూడా. "అవి చెప్పడానికి వేరేవాళ్ళున్నారు, మీరు బడిలో పిల్లలతో బతుకమ్మ పేర్పిస్తున్నారట గదా, ఆ సంగతి చెప్పండి" అన్నారు. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నోట్ ఫైలు రాయడం వచ్చుగాని ఉపన్యాసం రాదు. కనుక జరిగింది జరిగినట్టు వరుసగా మనవి చేస్తాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది దాచకుండా చెబితేనే ఈ ప్రసంగానికి ప్రయోజనం.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. మా ఇంట్లో బతుకమ్మ అంటే నా పని ఒక్కటే, పూలు తేవడం. పెత్రమాస ముందురోజు పొద్దున్నే సైకిలుకు గోనెసంచి కట్టుకొని ఊరి బయటికి పోతే చాలు. గుట్ట పక్కన తంగేడు, జొన్న చేలల్లో గునుగు, కంచెల మీద కట్లపూలు, ఎవరి పెరట్లోనైనా గుమ్మడి పూలు. గంటలో సంచి నిండేది. దాన్ని వాకిట్లో కుమ్మరించి, స్నానం చేసి ఆఫీసుకు పోయేవాణ్ణి. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఇత్తడి తాంబాళంలో మూరెడు ఎత్తు బతుకమ్మ సిద్ధంగా ఉండేది. మధ్యలో ఏం జరిగిందో ముప్పై అయిదేళ్ళలో ఒక్కసారి కూడా కూర్చొని చూడలేదు. అది ఆడవాళ్ళ పని అనుకున్నాను.

2016లో మా ఇంటావిడ కాలం చేసింది. ఆ ఏడు తాంబాళం అటకమీదనే ఉండిపోయింది. మా కోడలు హైదరాబాదులో ఉద్యోగం. సద్దుల బతుకమ్మనాడు వీధిలో అందరిళ్ళముందూ పూలే, మా ఇంటిముందు మాత్రం ఏమీ లేదు. నేను తలుపు దగ్గరగా వేసుకొని టీవీ పెట్టుకున్నాను. ఇట్లాంటి సాయంత్రాలు మీలో చాలామందికి తెలిసినవే గనుక ఎక్కువ చెప్పను.

మా వీధి చివర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉంది. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు, ఇద్దరు ఉపాధ్యాయులు. అందులో ప్రధానోపాధ్యాయినిగారు ఒకనాడు మీసేవ దగ్గర కనపడి, "సార్, మీ చేతిరాత బాగుంటుందట, మా పిల్లలకు వారంలో రెండు రోజులు చూచిరాత దిద్దించగలరా" అని అడిగారు. 2017 జూన్‌లో వెళ్ళడం మొదలుపెట్టాను. మొదటి నెలలో నేను దిద్దించిందేమీ లేదు. పిల్లలు నన్ను 'తాతసార్' అని పిలవడం మాత్రం మొదలుపెట్టారు.

2014లో మన రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించిన సంగతి మీకు తెలుసు. అప్పటినుంచీ దసరా సెలవులు ఇచ్చేముందు బడుల్లో బతుకమ్మ ఆడించడం బాగా పెరిగింది. ఆ సెప్టెంబరులో ప్రధానోపాధ్యాయినిగారు ఈసారి ఎట్లా చేద్దామని నన్నడిగారు. నేను వెంటనే, "పోటీ పెడదాం మేడమ్" అన్నాను. మనకు అలవాటైనది అదే గదా. ఆఫీసులో ముగ్గులపోటీ, వ్యాసరచన పోటీ, ఆటల పోటీ. పిల్లలను అయిదు జట్లుగా చేశాను. ఏ జట్టులో ఎవరు, ఎవరు ఏ పూలు తేవాలి, అన్నీ గళ్ళు గీసి రిజిస్టరు తయారుచేశాను. నాతోబాటు రిటైరైన ఇద్దరు మిత్రులను న్యాయనిర్ణేతలుగా పిలిచాను. మొదటి బహుమతి స్టీలు గ్లాసులు, రెండోది జామెట్రీ పెట్టెలు, మిగతావాళ్ళకు పాల్గొన్నందుకు తలా ఒక పెన్సిలు.

ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. ఒక జట్టులో ఒకబ్బాయి తండ్రికి కిరాణా దుకాణం ఉంది. ఆయన మార్కెట్టునుంచి మూడు కిలోల బంతి, చామంతి కొని పంపాడు. వాళ్ళమ్మ కూడా వచ్చి దగ్గరుండి పేర్చింది. రెండో జట్టుకు ఒక అక్క వచ్చింది. ఇంకొక జట్టులో అయిదుగురు పిల్లలకూ ఇళ్ళలో అందరూ కూలికి పోయేవాళ్ళే. ఆ జట్టులోని మూడో తరగతి అమ్మాయి తెల్లవారకముందే లేచి తల్లితో చేనికి పోయి గునుగు తెచ్చింది. నా రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా 'చామంతి' అని ఉంది. నేను అక్కడ ఎర్ర సిరాతో 'తేలేదు' అని రాశాను. ఇప్పుడు ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

వాళ్ళ బతుకమ్మ జానెడు ఎత్తుకు మించలేదు. రంగు లేదు, అంతా తెల్ల గునుగే. పెద్దదానికి గ్లాసులిచ్చాం. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి తన పెన్సిలు తీసుకొంది, నావైపు చూసింది, మళ్ళీ తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. ఒక్కమాట అనలేదు. చిన్నపిల్ల, అలిగిందిలే అనుకున్నాం.

సెలవులయ్యాక వారం గడిచినా ఆ పిల్ల బడికి రాలేదు. మేడమ్‌గారు చెబితే నేనే వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి మంచం వాల్చి కూర్చోమంది. "దాని బతుకమ్మను చూసి తోటిపిల్లలు నవ్విండ్రట సారూ. గందుకే రానంటుంది" అంది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. అప్పుడామె నిదానంగా, "మా వాడల చిన్న బతుకమ్మ, పెద్ద బతుకమ్మ, అన్ని ఒక్కకాడనే పెడ్తం గద సారూ. ఎవలదెంతని కొలుస్తమా? బడిల ఎందుకు కొలిచిండ్రు?" అని అడిగింది.

మిత్రులారా, ముప్పై ఆరేళ్ళ నౌకరీలో నాకు చాలా మెమోలు వచ్చాయి. అన్నిటికీ సంజాయిషీ రాశాను. ఆ ప్రశ్నకు మాత్రం సంజాయిషీ దొరకలేదు. మా ఇంటావిడ కూడా అంతే. మా వీధిలో ఎవరికి పూలు తక్కువైతే మా గోనెసంచిలోంచి తీసి ఇచ్చేది. పెద్ద బతుకమ్మ పక్కన తప్పకుండా ఒక చిన్నది పేర్చేది. అందరివీ మధ్యలో ఒకచోట పెట్టి, చుట్టూ కలిసి ఆడేవాళ్ళు. ఈ పండుగలో గెలిచినవాళ్ళు, ఓడినవాళ్ళు అనే మాటే లేదు. అది తెలిసికూడా నేను దాన్ని పోటీ చేశాను.

మర్నాడు ఆ అమ్మాయి బడికి వచ్చింది. నేను క్షమించమని అడిగితే ఆ వయసు పిల్లకు ఏమర్థమవుతుంది? "వచ్చే ఏడు అందరం కలిసి ఒక్కటే పేరుద్దాం, నువ్వు నాకు నేర్పాలి" అన్నాను. తల ఊపింది.

ఆ ఏడాది నుంచి మేం చేస్తున్న పని గురించి ఇప్పుడు వివరంగా చెబుతాను. మీలో ఎవరైనా మీ ఊరి బడిలో మొదలుపెట్టదలిస్తే పనికొస్తుంది.

మొట్టమొదటి నియమం: బడి మొత్తానికి ఒక్కటే బతుకమ్మ. 2018లో మా బడిలో 41 మంది పిల్లలు. అటకమీది తాంబాళం దించి, చింతపండుతో తోమి, బడికి తీసుకుపోయాను. దాని అడ్డుకొలత 18 అంగుళాలు. తొమ్మిది వరుసల బతుకమ్మ పేర్చాలనుకున్నాం. ఎన్ని పూలు కావాలి? ఇది లెక్క గదా. అయిదో తరగతి పిల్లల చేతికి దారమిచ్చి, సుద్దముక్కతో నేలమీద తొమ్మిది చక్రాలు గీయించాను. పెద్దది 16 అంగుళాలు, చిన్నది 4 అంగుళాలు. దారం చుట్టూ పెట్టి కొలిస్తే, అడ్డుకొలతకు మూడింతల కన్నా కాస్త ఎక్కువ వస్తోందని వాళ్ళే కనిపెట్టారు. పది పూలు కట్టిన కట్ట రెండంగుళాలకు కొంచెం తక్కువ చోటు తీసుకొంటుంది. అట్లా కూడితే సుమారు 150 కట్టలు తేలాయి. అంటే 1500 పూలు. 41 మందికి పంచితే ఎంత? నాలుగో తరగతివాళ్ళు భాగహారం చేసి, "37 తాతసార్, కొంచెం ఎక్కువైతయ్" అన్నారు. ఆ భాగహారాన్ని వాళ్ళంతట వాళ్ళు రెండుసార్లు సరిచూసుకోవడం నేను కళ్ళారా చూశాను. తప్పయితే బతుకమ్మకు పూలు చాలవు గదా!

రెండో నియమం: ఎవరు ఏ పూవు తెచ్చినా చెల్లుతుంది. కొనకూడదు, ఇతరుల పెరట్లో అడగకుండా కోయకూడదు. ఈ రెండే షరతులు. ఇంట్లో పూలమొక్క లేని పిల్లలే ఎక్కువ. వాళ్ళకు గడ్డిపూలు, గునుగు, కట్లపూలు ఎక్కడుంటాయో బాగా తెలుసు. నా రిజిస్టరు ఇప్పుడూ ఉంది. కాని దాంట్లో 'తేలేదు' అనే గడి తీసేశాను. తెచ్చిన పూవు పేరు, ఎక్కడ దొరికింది, అంతే. 2018లో ఆ రిజిస్టరులోకి 14 రకాల పూల పేర్లు ఎక్కాయి. అందులో మూడు నేను ఎప్పుడూ విననివి.

గునుగు గురించి ఒకమాట. చేను ఉన్నవాడికి అది కలుపు. ఏరి పారేస్తారు. కాని బతుకమ్మకు అదే ఆధారం. తంగేడు అందంగా ఉంటుంది, 2014 తర్వాత రాష్ట్ర పుష్పం కూడా అయింది. కాని కోసిన పూటకే వాడిపోతుంది. గుమ్మడిపూవు పొద్దున విచ్చుకొని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. గునుగు మాత్రం రెండు మూడు రోజులైనా అట్లాగే ఉంటుంది, కాడ గట్టిగా ఉంటుంది, రంగు పట్టుకొంటుంది. అందుకని మేం గునుగును రెండు రోజుల ముందు, తంగేడు, బంతి ముందురోజు సాయంత్రం, గుమ్మడిపూలు ఆ పొద్దుటే తెప్పిస్తాం. తంగేడు మీద నీళ్ళు చల్లి తడిగుడ్డ కప్పుతాం. తంగేడు కొమ్మలు విరవకుండా కొసలు మాత్రమే తుంచమని పిల్లలకు గట్టిగా చెబుతాం. చెట్టు ఉంటేనే గదా వచ్చే ఏడు పూలు!

మూడో నియమం: అన్ని తరగతులకూ పని ఉండాలి. ఒకటో తరగతి పిల్లలు పూలను రంగులవారీగా కుప్పలు పెడతారు. రెండో తరగతివాళ్ళు పదేసి లెక్కపెడతారు. మూడో తరగతివాళ్ళు కాడలు సమంగా పెట్టి దారంతో కట్టలు కడతారు. నాలుగో తరగతివాళ్ళు రంగు అద్దుతారు. అయిదో తరగతివాళ్ళు, చిన్న తరగతుల నుంచి విడతకు ఇద్దరిని కూర్చోబెట్టుకొని, పేరుస్తారు. మొత్తం మీద ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ కనీసం ఒక్క కట్ట తన చేత్తో వరుసలో పెట్టితీరాలి. ఇది మాత్రం రిజిస్టరులో టిక్కు పెట్టుకుంటాను. గుమాస్తాబుద్ధి ఎక్కడికి పోతుంది!

రంగుల సంగతి. మొదట బజారు రంగుపొడి తెచ్చాం. పిల్లల చేతులనుంచి నాలుగు రోజులు వదల్లేదు. అన్నం తినే చేతులు గదా అని మానేశాం. ఇప్పుడు పసుపు కలిపిన నీళ్ళలో కొన్ని కట్టలు ముంచుతాం. ఇంకో గిన్నెలో పసుపునీళ్ళకు కాస్త సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుంది. మన ఆడవాళ్ళందరికీ తెలిసినదే, పిల్లలకు మాత్రం గొప్ప ఇంద్రజాలం. సున్నం కంట్లో పడితే ప్రమాదం గనుక అది కలపడం పెద్దవాళ్ళమే చేస్తాం. ఈ రంగులు బజారు రంగంత గాఢంగా రావు. అయినా తెలుపు, పసుపు, ఎరుపు, బంతిపూల నారింజ, మధ్య మధ్య ఆకుపచ్చ, ఇన్ని చాలవా?

పేర్చడం నాకు రాదని ముందే చెప్పాను. ఆ అమ్మాయి అన్నమాట నిలబెట్టుకుంది. 2018లో నాలుగో తరగతిలో ఉంది. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, అంచువెంట కట్టలు వరుసగా పెట్టుకుంటూ పోయాను. మూడో వరుసకల్లా అంతా లోపలికి కూలింది. "గట్ల గాదు తాతా, నడుమ ఆకు కుక్కాలె. నడుమ ఉత్తగుంటే నిలవడదు" అంది. తుంచి పారేసిన కాడలు, తంగేడు ఆకులు, చెత్త అనుకొని నేను పక్కకు ఊడ్చినవన్నీ తెచ్చి మధ్యలో కుక్కి, అరచేత్తో అణిచింది. ఒక వరుస పెట్టడం, మధ్య నింపడం, అణచడం, మళ్ళీ కాస్త లోపలికి జరిపి ఇంకో వరుస. అప్పుడు నిలబడింది. ముప్పై అయిదేళ్ళు నా ఇంట్లో జరిగిన పని అరవై ఏడో ఏట ఒక తొమ్మిదేళ్ళ పిల్ల దగ్గర నేర్చుకున్నాను. మా ఇంటావిడ అరచేతులు ఆ తొమ్మిది రోజులూ పసరు రంగులో ఎందుకుండేవో ఆ రోజు అర్థమైంది.

నాలుగో నియమం నేర్పింది కూడా పిల్లలే. ఆ మొదటి ఏడు మా బతుకమ్మ కాస్త ఎడమవైపు ఒరిగింది. అతిథులు వస్తున్నారని మేమిద్దరం పెద్దవాళ్ళం పైమూడు వరుసలు విప్పి చక్కగా సరిచేశాం. ఒక రెండో తరగతి పిల్లవాడు వచ్చి వెతికి వెతికి, "నా కట్ట ఏది?" అన్నాడు. మేం చెప్పలేకపోయాం. "అయితే ఇది నాది గాదు" అని పోయి గోడ దగ్గర నిలబడ్డాడు. వాడిని బుజ్జగించి మళ్ళీ ఒక కట్ట పెట్టించేసరికి తలప్రాణం తోకకు వచ్చింది. అప్పటినుంచీ పెద్దవాళ్ళ చేతులు వెనక్కు కట్టుకొని నిలబడాలని నియమం. ఒరిగితే ఒరగనివ్వండి. పడిపోతుందనిపిస్తే పిల్లలకు చెబుతాం, వాళ్ళే సరిచేస్తారు. గత ఏడాదులలో ఒక్కసారి కూడా నిట్టనిలువుగా రాలేదు. ఒక్కసారి కూడా పడిపోలేదు.

కొన్ని అభ్యంతరాలు కూడా వచ్చాయి. మగపిల్లల తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు, "మావోడు పూలు పేర్చుడేంది సార్" అన్నారు. వాళ్ళకు నా కథే చెప్పాను. ఒక ముస్లిం సోదరుడు వచ్చి, "మా బాబు పూలు తెస్తడు, అందరితోని పేరుస్తడు, పూజల మాత్రం కూసోబెట్టకండ్రి" అని మర్యాదగా అడిగారు. మేడమ్‌గారు అదే పద్ధతి బడి అంతటికీ పెట్టారు. బడిలో పేర్చడం, చుట్టూ తిరిగి ఆడుకోవడం వరకే. గౌరమ్మను పెట్టి పూజ చేసుకోవడం ఎవరి ఇళ్ళలో వారిది. ఆయన పెరటి బంతులే మూడేళ్ళపాటు మా బతుకమ్మకు పైవరుస అయ్యాయి.

"చదువు చెడుతుంది గదా" అన్నవారూ ఉన్నారు. లెక్క సంగతి ఇంతకుముందే చెప్పాను. ఇక నా అసలు పని చూచిరాత గదా! పూల రిజిస్టరు రాసేది ఇప్పుడు నేను కాదు, పిల్లలే. చూచిరాత పుస్తకంలో కోడిగీతలు గీసే చేయి, తాను తెచ్చిన పూవు పేరు రాయమంటే ఒక్కొక్క అక్షరం చూసుకొని రాస్తుంది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా కళలను ఆటవిడుపుగా కాక చదువులో భాగంగా చూడాలనే చెప్పిందని మేడమ్‌గారు చూపించారు. కాగితాలమీద ఉన్నవి అమలుకావడం ఎంత కష్టమో మనకంటే ఎవరికి బాగా తెలుసు?

రాను రాను పూలకు కరువొచ్చింది. నేను సైకిలుమీద పోయే గుట్ట పక్కన ఇప్పుడు ప్లాట్లు, హద్దురాళ్ళు. చేలలో కలుపుమందు కొడుతున్నారు, గునుగు బతకడం లేదు. 2019లో పూలకోసం ఆటో కట్టించుకొని ఆరు కిలోమీటర్లు పోవలసివచ్చింది. చిన్నపిల్లలను అంతదూరం తీసుకుపోవడం మంచిది కాదు. చేలగట్ల వెంట పురుగూ పుట్రా ఉంటాయి. అందుకని ఆ ఏడు వాడిన బతుకమ్మలోంచి గునుగు కంకులు ఏరి ఎండబెట్టి దులిపించాం. నల్లగా, మెరుస్తూ, ఆవగింజకన్నా చిన్న విత్తనాలు రాలాయి. ఎండిన బంతిపూలు కూడా దాచాం. బడి ప్రహరీవెంట చల్లి వచ్చే ఏడాదికి మా పూలు మేమే పండించుకోవాలని అనుకున్నాం. ఆ అమ్మాయి అప్పటికి అయిదో తరగతి. విత్తనాల పొట్లం మీద పేరు, తేదీ రాసింది ఆమే.

2020లో కరోనా వచ్చింది. బడులు మూతబడ్డాయి. విత్తనాల పొట్లం మేడమ్‌గారి బీరువాలోనే ఉండిపోయింది. అయినా అంతకుముందు ఏడు ఆవరణలో మేం కట్టలు కట్టినచోట రాలిన విత్తనాలు వానలకు వాటంతటవే మొలిచాయి. భాద్రపదం నాటికి గేటు చువ్వల్లోంచి చూస్తే వరండాముందు అంతా తెల్లగా గునుగు. కోసేవాళ్ళు లేరు. నేను మాస్కు వేసుకొని పొద్దున నడకకు పోయినప్పుడల్లా ఆ గేటు దగ్గర కాసేపు నిలబడేవాణ్ణి. ఆ ఏడు మన సంఘంలోనే ఎంతమందిని పోగొట్టుకున్నామో మీకు తెలుసు. ఆ పూలను చూస్తే ఒక్కటే అనుకునేవాణ్ణి, వచ్చే ఏడు దాకా ఉండాలి అని.

2021 సెప్టెంబరులో బడులు తెరిచారు. పిల్లలు దూరం దూరంగా కూర్చున్నారు. ఆ ఏడు ఎక్కువ ఆర్భాటం చేయలేదు, అయిదు వరుసలు పేర్చాం. పూలన్నీ ఆవరణలోవే. 2022 నుంచి మళ్ళీ తొమ్మిది వరుసలు. ఇప్పుడు మా పని జూన్‌లో బడి తెరవగానే మొదలవుతుంది. తొలకరికి ప్రహరీవెంట మట్టి గుల్లచేయడం, ఆషాఢంలో గునుగు, బంతి విత్తనాలు చల్లడం, గుమ్మడి గింజలు పెట్టడం. బంతి, గునుగు రెండు నెలలలో పూతకు వస్తాయి. మూలన రెండు తంగేడు మొక్కలు కూడా పెట్టాం. అవి పెద్దవవుతున్నాయి. కోతులు గుమ్మడిపాదును రెండుసార్లు పీకాయి. అది వేరే కథ.

ఇక చివరి అంకం, నిమజ్జనం. పిల్లలను చెరువుదగ్గరికి తీసుకుపోవద్దని అందరికీ చేతులెత్తి మనవి చేస్తున్నాను. వానాకాలం చివర చెరువులు నిండి ఉంటాయి, గట్లు జారుతాయి. మేం బడి ఆవరణలోనే పెద్ద నీళ్ళతొట్టి పెడతాం. మూడు నాలుగు గంటలు కష్టపడి పేర్చినదాన్ని అయిదు నిమిషాలలో నీళ్ళలో వదలడం చిన్నపిల్లలకు మొదటిసారి కష్టంగానే ఉంటుంది. ఒకటో తరగతిలో ఎవరో ఒకరు ఏడుస్తారు. పెద్దతరగతి పిల్లలు, "మళ్ళ ఏడు మళ్ళ పేరుద్దాం తీ" అని ఓదారుస్తారు. మర్నాడు ఆ పూలన్నీ తీసి, గింజలున్న కంకులు వేరుచేసి, మిగతావి మొక్కల మొదట్లో వేస్తాం. దారం కూడా నూలుదారమే వాడతాం గనుక ఏరనక్కరలేదు.

ఖర్చు ఎంత అని అడుగుతారు. దారం, పసుపు, సున్నం, పిల్లలకు మలీద ముద్దలు చేయడానికి బెల్లం, రొట్టెలపిండి, ఇంతే. బహుమతులు లేవు గనుక ఆ ఖర్చూ లేదు. మొదటి ఏడు పోటీకి నేను పెట్టిన డబ్బులో నాలుగోవంతు కూడా కాలేదు.

సభకు నా విన్నపం ఇది. మనలో చాలామందికి బడి పక్కనే ఇల్లు. పింఛను వస్తోంది, పొద్దు గడవడం లేదు. మన అటకలమీద తాంబాళాలు, సిబ్బులు ఊరికే ఉన్నాయి. ఏ పూవు ఎప్పుడు కోయాలో, ఏది ముందు వాడుతుందో తెలిసిన అక్కలు, వదినెలు ఈ సభలోనే ఇంతమంది ఉన్నారు. ఊళ్ళో ప్రభుత్వ బడికి వెళ్ళి ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకొని, రెండు రోజులు కేటాయించండి. నేను చేసిన తప్పు మీరు చేయకండి. పోటీ పెట్టకండి, కొలవకండి, కొననివ్వకండి. ఒక్కటే పేర్పించండి. చేతులు వెనక్కు కట్టుకొని నిలబడండి. వచ్చిన పూవు ఏదైనా పుచ్చుకోండి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతోంది. దారిలో కనబడితే, "నమస్తే తాతా, ఈసారి ఎన్ని వరుసలు?" అని అడుగుతుంది. ఆ పెన్సిలు సంగతి ఆమే ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. చెక్కలేదు.

నా తాంబాళం ఇక మా ఇంటికి రాదు. బడి స్టాకు రిజిస్టరులో ఎక్కించి, మేడమ్‌గారి చేత సంతకం పెట్టించుకున్నాను. వస్తువు పేరు, ఇత్తడి తాంబాళం. సంఖ్య, ఒకటి. ఇచ్చినవారి పేరు దగ్గర నా పేరు రాయబోతే ఆపి, మా ఇంటావిడ పేరు రాయించాను.

 గునుగు విత్తనాలు కావలసినవారు భోజనాల తర్వాత నన్ను కలవండి. పొట్లాలు కట్టి సంచిలో తెచ్చాను. ఉచితం, రశీదు అక్కరలేదు.